దారిని పొడుగు చేసిన చక్రాలు

జనవరి 6

బావగారికి,

దేవుడి ముందు నిలబడ్డట్టు నిలబడి ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు బావా. డీజిల్ కారు లీటరుకి పద్నాలుగు కిలోమీటర్లే ఇస్తుంటే తప్పు కారుదా, తోలేవాడిదా, మా అక్కని చేసుకున్న ఇరవై రెండేళ్ళుగా ఆ తోలేవాడి బళ్ళన్నీ బాగుచేస్తున్న మెకానిక్కుదా?

ఫోన్లో అడగొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు ఏదో బండి కిందనుంచి "ఊ, ఊ" అంటావు, నేను చెప్పింది నీ చెవికెక్కిందో గ్రీజులో కలిసిందో తెలీదు. అందుకే ఉత్తరం. మా స్టాండు బళ్ళు రోజూ మీ ఊరిమీదుగానే పోతాయి, ఎవడో ఒకడు తెచ్చి నీ చేతిలో పెడతాడు.

విషయం చెబుతాను. మా స్టాండులో పదకొండు కార్లు. డీజిల్ అందరం కలిసి ఒకేచోట పోయించుకుంటాం. మా ప్రెసిడెంటు నిన్న గోడకి ఒక కాగితం అంటించాడు. మార్చి ఒకటి నుంచి లీటరుకి పద్దెనిమిది ఇవ్వని బండికి ఆసుపత్రి ట్రిప్పు లేదట. చదివిన వాడల్లా ముందు నా మొహం చూశాడు, తరవాత నా కారు మొహం చూశాడు.

ఆసుపత్రి ట్రిప్పు అంటే నాకు బాడుగ ఒక్కటే కాదని నీకు తెలుసు. కిడ్నీలు పాడై రక్తం కడిగించుకునే రోగుల్ని వారానికి మూడు రోజులు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు తీసుకెళ్ళి తీసుకురావడం. పోయేటప్పుడు భయంతో పోతారు, వచ్చేటప్పుడు నీరసంతో వస్తారు. ఆ రెంటి మధ్య నాలుగు మంచి మాటలు చెప్పడానికి నేను తప్ప ఎవరున్నారు? నేను ఏ బైబిలు బడిలోనూ వాక్యం నేర్చుకోలేదు. స్టీరింగు ముందు పెట్టుకుని సిగ్నళ్ళ దగ్గర చదువుకున్నవాణ్ణి. నా గుడి ఆ కారే.

ఆ రోగుల్లో నా పక్కసీట్లో కూర్చునే లెక్కల టీచరమ్మ సంగతి చెప్పానా? రిటైరైంది గానీ బెత్తం ఇంకా వదల్లేదు. మొన్న ఐదు రొట్టెలు ఐదువేల మందికి పంచిన సంగతి చెబుతుంటే, "అంటే మనిషికి రొట్టెలో వెయ్యోవంతు. మిగిలిన గంపల లెక్క తరవాత, ముందు అది తేల్చు నాయనా" అంది. ఆవిడ ఒంటరి మనిషి. మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్నింటికే ఇస్తుంది, ఒక్క పైసా అటూ ఇటూ ఉండదు. మా స్టాండు పద్ధతే అది. మీటరు చెప్పిందే మాట.

కాబట్టి నా బండికి పద్దెనిమిది రావాలి. ఏం చేస్తావో చెయ్యి. ఒక్క విన్నపం. పైన క్యారియర్ మీద ప్రసంగాలకి కట్టుకున్న మైకు గొట్టాల జోలికి మాత్రం రావద్దు.

ప్రభువు కృపలో,
నీ బావమరిది


జనవరి 15

మైకుగారికి,

తప్పు ఎవరిదని అడిగావు. మూడువంతులు తోలేవాడిది, ఒకవంతు కారుది. మెకానిక్కు పాపం పుణ్యాత్ముడు.

పోయిన నెల నువ్వొచ్చి మీ అక్క చేతి టీ తాగి వెళ్ళేలోపు నీ బండి చుట్టూ ఒక్కసారి తిరిగాను. ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపితే అందులోంచి రాలిన దుమ్ముతో పూలకుండీ నింపొచ్చు. ముక్కు మూసి పరిగెత్తమంటే మనిషైనా పరిగెత్తగలడా? టైర్లలో ఉండాల్సిన గాలిలో ముప్పాతిక వంతు కూడా లేదు. ముందు చక్రాలు రెండూ అలిగిన మొగుడూపెళ్ళాల్లాగా చెరో దిక్కూ చూస్తున్నాయి. ఇవన్నీ నేను చెయ్యగలను. ఇంజెక్టర్లు శుభ్రం చేస్తాను, అలైన్‌మెంట్ చేస్తాను. పద్నాలుగు పదహారున్నర, పదిహేడు అవుతుంది.

మిగతాది నీ చేతిలో ఉంది, అసలు చెప్పాలంటే నీ కాలిలో ఉంది. యాక్సిలరేటర్ని సాతాను తల అనుకుని తొక్కుతావు. ఎర్రలైటు కనిపిస్తుంటే కూడా తొక్కి, దగ్గరికెళ్ళి బ్రేకు కొడతావు. దూరంనుంచే కాలు తీసేస్తే బండి తనంతట తనే వెళుతుంది కదయ్యా, చుక్క డీజిల్ తాగకుండా. ఇక డిక్కీ. పాటల పుస్తకాల పెట్టె, రెండు మడత కుర్చీలు, తబలా. రోగుల్ని తీసుకెళ్ళే బండిలో తబలా ఎందుకు? వీధి మొదట్లో ఆగి ముప్పావుగంట ప్రసంగం చేస్తావు, అంతసేపూ ఇంజను ఆడుతూనే ఉంటుంది. నువ్వు నోరు నొప్పెట్టేదాకా ఆపవు, బండి ట్యాంకు ఎండేదాకా ఆగదు.

చివరికి ఆ గొట్టాలు. గాలికి ఎదురుగా రెండు గంగాళాలు బోర్లించుకుని పోతున్నావు. అవి తీసేసి, ఆగినప్పుడల్లా ఇంజను ఆపేస్తే పద్దెనిమిది నీకు నేను రాసిస్తాను. తియ్యనంటే పదిహేడుతో సర్దుకో. తరవాత నన్ననకు.

మీ అక్క అడగమంది: మోకాలి నొప్పి ఎలా ఉంది? నొప్పున్నా అంత గట్టిగా ఎలా తొక్కుతున్నావని నేనడుగుతున్నాను.

బావ


జనవరి 22

బావగారికి,

నీ ఉత్తరం స్టాండులో అందరి ముందూ విప్పాను. అదే నేను చేసిన తప్పు. "సాతాను తల" దగ్గర మొదలైన నవ్వు సాయంత్రం దాకా ఆగలేదు.

నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని వాక్యం చెబుతోంటే నువ్వు నా మూతికే చిక్కం కడతానంటున్నావు. ఆ గొట్టాలు ఎవరు కొనిచ్చారో తెలుసా? మిల్లులో పని పోయిన నలభైమంది తలా ఇంత వేసి కొనిచ్చారు. వాటిని దించి అటక మీద పడేసిన రోజు నేను వాళ్ళకి మొహం చూపించగలనా? ఇంజను ఆపమంటావు. ఆపితే మైకు బ్యాటరీ దిగిపోతుంది. పోయినసారి కథలో తప్పిపోయిన కొడుకు ఇంకా ఇంటికి దూరంగా ఉండగానే మైకు ఆగిపోయింది. జనం వాణ్ణి ఇంటికి చేర్చకుండానే వెళ్ళిపోయారు.

నువ్వు గొప్ప మెకానిక్కువి బావా. ఆ మాట నేను మనుషుల ముందే కాదు, ప్రార్థనలోనూ చెబుతాను. పదిహేడు వరకు తెచ్చేవాడికి ఆ ఒక్క కిలోమీటరు ఒక లెక్కా? ఇరవై ఎనిమిదిన బండి తెచ్చి మూడు రోజులు నీ దగ్గర వదిలేస్తాను. పద్దెనిమిది చేసివ్వు. ఎలా చేశావని అడగను.

మోకాలు అలాగే ఉందని అక్కకి చెప్పు.

నీ బావమరిది


ఫిబ్రవరి 1

మైకుగారికి,

బండి తయారైంది. తీసుకెళ్ళడానికి వచ్చే మీ స్టాండు డ్రైవరు చేతికే ఈ చీటీ ఇస్తున్నాను.

ఫిల్టర్లు మార్చాను. ఇంజెక్టర్లు విప్పి కడిగాను. అలైన్‌మెంట్ చేశాను. టైర్లు నాలుగూ బోడిగుండులా నున్నబడ్డాయి, వేరేవి వేశాను. గొట్టాలు ముట్టుకోలేదు. డిక్కీ కూడా తెరవలేదు, తెరిస్తే నాకు కోపం వస్తుంది.

కొలిచే పద్ధతి తెలుసుగా. ట్యాంకు మెడదాకా నింపు, మీటరు సున్నా చెయ్యి, తిరుగు, మళ్ళీ మెడదాకా నింపు. తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించు. నువ్వడిగిన అంకె వస్తుంది.

పని ఎక్కువగా ఉంది. ఇంతే.

బావ


ఫిబ్రవరి 26

ప్రియమైన బావా,

పద్దెనిమిదిన్నర! మళ్ళీ చదువు. పద్దెనిమిదిన్నర!

నిన్న ప్రెసిడెంటు తన చేత్తో ట్యాంకు నింపించి, తన కళ్ళతో మీటరు చూసి, తన ఫోన్లో భాగించాడు. రెండుసార్లు భాగించాడు. "ప్రసంగీ, డీజిల్లో పవిత్రజలం కలిపావా" అన్నాడు. నేను వెంటనే పాటల పుస్తకాల పెట్టె మీద ఎక్కి సాక్ష్యం చెప్పాను. ఎండిన ఎముకలకి ఊపిరొచ్చినట్టు నా ఇంజనుకి ఊపిరొచ్చిందన్నాను. మా బావ చేతిలో దేవుడు పెట్టిన పానా ఉందన్నాను. నువ్వు అక్కడుంటే సిగ్గుతో బండి కింద దూరేవాడివి.

మిగతా బళ్ళలో ఏడింటికి పద్దెనిమిది రావడం లేదు. ఏడుగురూ నా చుట్టూ మూగారు. అందరినీ నీ దగ్గరికి పంపుతున్నాను. నా బండికి చేసిందే వాళ్ళకీ చెయ్యి. నా మాట మీద వస్తున్నారు, అది గుర్తుంచుకో.

ఇంకో వింత. ఆసుపత్రికి మీటరు మీద ఇప్పుడు నలభై ఒకటి వస్తోంది. వంతెన బాగుచేస్తూ దారి మళ్ళించారు కదా, అందుకే. టీచరమ్మ మాత్రం ఊరుకోదు. "ఆసుపత్రి జరిగిందా, మా ఇల్లు జరిగిందా నాయనా?" అంది. నవ్వాపుకోలేకపోయాను. పెద్దవాళ్ళకి చిన్న మార్పు కూడా కష్టమే.

అక్కకి చెప్పు, ఈ నెల మోకాలు కూడా తేలిగ్గా ఉంది. ఎందుకో బండి మెల్లగానే తోలుతున్నాను, అయినా స్పీడు ముల్లు అరవై చూపిస్తుంది.

నీ చేతుల కోసం రోజూ ప్రార్థించే
నీ బావమరిది


మార్చి 12

మైకుగారికి,

ఏడుగుర్నీ ఒక్కసారే పంపుతావా? ఒక్కమాట ముందు అడగకూడదా? షాపు ముందు పెళ్ళి బళ్ళలా వరసకట్టారు. "ప్రసంగిగారి బండికి చేసిందే" అని ఏడుగురూ పాఠం ఒప్పజెప్పారు. చేశాను.

ఇంకెవర్నీ పంపకు. పెట్టెలు ఎక్కి నా పేరు చెప్పకు. సాక్ష్యం చెప్పేవాడు ముందు కాస్త కొలుచుకోవాలని మీ వాక్యంలో ఎక్కడా లేదా? ఉండే ఉంటుంది. వెతుకు.

మీ అక్క నిన్ను ఒకసారి రమ్మంటోంది. బండిలో కాదు, బస్సులో రా. కూర్చుని మాట్లాడదాం.

బావ


మార్చి 20

బావగారికి,

నీ ఉత్తరంలో విసుగు కనిపించింది. పని ఎక్కువైందని అర్థమైంది. పొగిడితే ఎండలో నిలబెట్టినట్టు ఇబ్బంది పడతావు, నీ గుణమే అంత. సరే, పేరెత్తను. "ఒక మంచి మెకానిక్కు" అంటాను.

బస్సులో రమ్మంటావేమిటి? లీటరుకి పద్దెనిమిదిన్నర ఇచ్చే బండి పెట్టుకుని బస్సెక్కితే జనం నవ్వరా? తీరిక దొరకగానే కారులోనే వస్తాను.

టీచరమ్మ కొంచెం మారింది. వంతెన దారి మళ్ళీ తెరిచారు. తెరిచినా మీటరు నలభై ఒకటే చూపిస్తోందని, రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టానని, ముప్పై ఎనిమిదే ఉన్నాయని అంది. నాకు కోపం వచ్చింది. "రాళ్ళు మనుషులు పాతినవమ్మా, పక్కకి జరుగుతాయి. మీటరుని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే" అన్నాను. తరవాతి వారం, "ఇకనుంచి బుధవారం రావద్దన్నారు డాక్టరు, సోమ శుక్రవారాలు చాలట" అంది. ఒంట్లో నయమవుతున్నట్టుంది. ప్రార్థన వృథా పోదు బావా.

నీ బావమరిది


ఏప్రిల్ 28

అయ్యా,

మీకు బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న శుక్రవారం. ఆసుపత్రినుంచి తిరిగొస్తున్నాం. అక్కడ నర్సు నన్ను పక్కకి పిలిచి చీవాట్లు పెట్టింది. "ఆ పెద్దావిడని బుధవారాలు ఎందుకు తీసుకురావడం లేదు? ఆ కాళ్ళ వాపు చూడండి. ఒక్క వారం తప్పినా ప్రమాదమని చెప్పలేదా మీకు?" డాక్టరు ఎవరూ వద్దనలేదట. నేను కారెక్కి ఆవిడనేమీ అడగలేదు. ఇంటి దగ్గర దింపేటప్పుడు అడుగుదామనుకున్నాను.

సగం దారిలో వెనక చక్రం పంక్చరైంది. ఆవిడని మైలురాయి మీద కూర్చోబెట్టి, డిక్కీలో తబలా పక్కకి జరిపి స్టెప్నీ తీశాను. మీరు డిక్కీ తెరవలేదు కదా. అందుకే స్టెప్నీ పాతదే మిగిలిపోయింది. విప్పిన చక్రం పక్కన నిలబెడితే స్టెప్నీ మూడు వేళ్ళు ఎత్తుగా ఉంది. పంక్చరైంది కదా, గాలి పోయి కుంగిందనుకున్నాను. బిగించి జాకీ దించాను. కారు ఒక పక్కకి ఒరిగి నిలబడింది, కాలు పొట్టివాడిలాగా.

టీచరమ్మ లేచి వచ్చింది. సంచిలోంచి ఆసుపత్రి బ్యాండేజీ చుట్ట తీసింది. "పట్టుకో" అంది. ఇటువైపు బాగున్న చక్రం చుట్టూ తిప్పి పెన్నుతో గీత పెట్టింది. స్టెప్నీ చుట్టూ తిప్పి ఇంకో గీత పెట్టింది. పర్సులోంచి కుట్టుపని టేపు తీసి కొలిచింది. నూట డెబ్బై తొమ్మిది. నూట తొంభై నాలుగు. ఆ వాచిన కాళ్ళతో, ఎండలో, రోడ్డు మీద నిలబడి, నోటితోనే లెక్క కట్టింది.

"చక్రం చిన్నదైతే అదే దారికి ఎక్కువసార్లు తిరుగుతుంది. మీటరు తిరిగినన్నిసార్లే లెక్కపెడుతుంది, దారిని కొలవదు. నూటికి ఎనిమిది పైన. ముప్పై ఎనిమిది నలభై ఒకటవుతుంది. ఆసుపత్రి జరగలేదు నాయనా."

నేను టేపు తీసుకుని ఆ రెండు గీతల్నీ మళ్ళీ కొలిచాను. అవే అంకెలు వచ్చాయి.

"పోనూ రానూ ప్రతిసారీ ఆరు కిలోమీటర్లు ఎక్కువ. నాకొచ్చే పెన్షను మూడు రోజులకి చాలలేదు. నిన్ను అడిగితే అరిచావు. అందుకే బుధవారం మానేశాను" అంది. తరవాత తలెత్తి, "నువ్వే చేశావా?" అంది.

"కాదమ్మా."

"అయితే ఎవరు?"

పెట్టె మీద నిలబడి పానా దేవుడిచ్చాడని అరిచిన నోరు అప్పుడు పెగల్లేదు. ఆవిడ నా మౌనాన్ని చూసి ఏమనుకుందో అనుకుంది. దారిలో పోయే బస్సు ఆపి ఎక్కేసింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

దొంగ తూకపురాళ్ళు సంచిలో పెట్టుకు తిరిగేవాడి గురించి వీధి వీధినా ప్రసంగించాను. ఆ దొంగ రాళ్ళు నాలుగూ నా బండి కిందే తిరుగుతున్నాయి. నేను మాట్లాడుతుండగా కూడా తిరుగుతున్నాయి. ఒక ముసలావిడ రక్తంలో విషం పేరుకుంటుంటే, నయమవుతోందని మీకు ఉత్తరం రాశాను!

ఒక్కడికి చేస్తే ఎగతాళి అనుకునేవాణ్ణి. ఏడుగురికి చేశారు. అది వ్యాపారం. ముప్పై వెండి నాణేలకి ప్రభువుని అమ్మినవాడు కూడా ఒక్కసారే ముద్దు పెట్టాడు. మీరు ఎనిమిదిసార్లు పెట్టారు.

అక్కకి నా నమస్కారాలు.

ఇట్లు,
ఒక డ్రైవరు


మే 5

మైకుగారికి,

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి నన్ను "మీరు" అన్నావు. దానికంటే చెప్పుతో కొట్టి ఉంటే బాగుండేది.

చేశాను. కాదనను. నీ బండి అన్నీ సరిచేశాక పదిహేడు దగ్గర ఆగింది. గొట్టాలు తియ్యనన్నావు, ఇంజను ఆపనన్నావు, కాలు మార్చుకోనన్నావు. "పద్దెనిమిది చేసివ్వు, ఎలా చేశావని అడగను" అని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. నీకు కావలసింది మైలేజీ కాదయ్యా, అంకె. అంకె అడిగావు, అంకె ఇచ్చాను. షాపు మూల చిన్న సైజు టైర్లు నాలుగు పడి ఉన్నాయి. చిన్న చక్రం వేస్తే స్పీడు ముల్లు కూడా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి భయపడైనా నెమ్మదిగా తోలతావనుకున్నాను. నెల తిరిగేలోపు నీకే అనుమానం వచ్చి, తిట్టుకుంటూ వస్తావు, అప్పుడు గొట్టాలు దించుదాం అనుకున్నాను. మీటరు మీదే బాడుగ తీసుకుంటారని నువ్వు రాశావు. చదివాను. తలకెక్కలేదు. నేను బండిని చూస్తాను, బండిలో ఎవరు కూర్చుంటారో చూడను. అది నా తప్పు, దానికి సాకు లేదు.

అనుమానం రాకపోగా నువ్వు సాక్ష్యం చెప్పావు. ఏడుగుర్ని పంపావు. వాళ్ళకి చెయ్యనంటే నీ బండికి ఏం చేశానో చెప్పాలి. చెబితే స్టాండులో నీ మొహం ఏమవుతుంది? వాళ్ళ దగ్గర టైర్ల ఖరీదు తప్ప ఏమీ తీసుకోలేదు. వ్యాపారమట! బస్సులో రమ్మని రాసింది ఎందుకు? కూర్చోబెట్టి చెబుదామని. నువ్వు బస్సెక్కితే కదా.

నీ మాటలు నేను పడతాను. మీ అక్కకి మాత్రం ఇవేమీ తెలీదు. దాన్ని ఇందులోకి లాగకు.

బావ

చిన్నోడా, నాకు తెలుసు రా. ఆ ట్రిప్పు పోతే నువ్వు బతకలేవని, ఏదో ఒకటి చెయ్యమని ఆయన్ని నేనే పోరాను. టైర్లు వేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన నన్ను కాపాడదామని అబద్ధం రాశారు. ఇంకో అబద్ధం ఎందుకని నేను రాస్తున్నాను.
అక్క


మే 10

బావా,

అక్క రాసిన ఆ నాలుగు వరసలు ఈ వారమంతా మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు మోసం చేశావంటే కోపంతో తట్టుకున్నాను. అక్క గుమ్మంలో నిలబడి చూసిందంటే దేంతో తట్టుకోను? చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పింది అదే. ఆ గుమ్మంలోంచే నేను బండెక్కినప్పుడల్లా "జాగ్రత్త రా" అంటుంది. జాగ్రత్తట!

నీ మాట కూడా చదివాను. నీకు కావలసింది అంకె అన్నావు. ఒక రాజు పక్కవాడి పాపం విని మండిపడితే, ప్రవక్త అతనికేసే వేలు చూపించాడు. నేనా కథ నూరుసార్లు చెప్పాను, ఎప్పుడూ ప్రవక్త వైపు నిలబడే చెప్పాను. ఈసారి వేలు ఇటు తిరిగింది. ఎలా చేశావని అడగనని రాసిన చెయ్యి నాదే. ఒప్పుకుంటున్నాను. అంతమాత్రాన నీది చిన్నదైపోదు బావా. నేను గుడ్డివాణ్ణి. నువ్వు కళ్ళున్నవాడివి, గుడ్డివాడి చెయ్యి పట్టుకుని గోతి దగ్గరికి నడిపించావు.

ఏం చేశానో చెబుతాను. మంగళవారం పాత సైజు టైర్లు వేయించాను. గొట్టాలు దించేశాను. కొనిచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన చూసి, "మైకు లేకపోతే నీ మాట ఎవరికి వినపడుతుంది?" అన్నాడు. "వినాల్సినవాడు పక్కసీట్లోనే ఉన్నాడు, ఇన్నాళ్ళూ వాడికే వినపడలేదు" అన్నాను. తబలా, కుర్చీలు ఇంట్లో పెట్టాను. ఎర్రలైటు దూరంగా కనిపించగానే కాలు తీస్తున్నాను. ఆగితే ఇంజను ఆపుతున్నాను. నిన్న కొలిచాను. పద్దెనిమిది పాయింటు రెండు. నిజం పద్దెనిమిది. జనవరిలోనే నువ్వు రాసిచ్చిన పద్దెనిమిది. చదివి ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

నిన్న సాయంత్రం అదే పెట్టె ఎక్కి అంతా చెప్పాను. సగంలోనే ప్రెసిడెంటు లేచిపోయాడు. ఆసుపత్రి ట్రిప్పు నాకు తీసేశాడు. తియ్యాలి కూడా. కానీ ఏడు బళ్ళు అలాగే తిరుగుతున్నాయి బావా. ఏడుగురిలో ఒక్కడు నమ్మాడు. మిగతా ఆరుగురూ, "నీకు వాక్యం తెలుసు, టైర్లేం తెలుసు? మెకానిక్కు మంచి పనే చేశాడు. తప్పయితే ఆయన్నే వచ్చి చెప్పమను, అప్పుడు విప్పుతాం" అన్నారు. నా సాక్ష్యం చెల్లదిప్పుడు. ఒకసారి గొంతు చించుకుని అబద్ధం చెప్పినవాడు నిజం చెబితే జనానికి అదీ ప్రసంగంలాగే వినపడుతుంది. నీ నోటితో నువ్వు చెప్పాలి.

టీచరమ్మ ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి తలుపు తీసింది. పాదాలకి చెప్పులు పట్టడం లేదు. ఎక్కువ తీసుకున్నదంతా బల్లమీద పెట్టి, రేపటినుంచి ఊరికే తీసుకెళ్తానని బతిమాలాను. "ఊరికే ఎక్కను. మీ స్టాండు బండే ఎక్కను. ఏ చక్రం ఎంతుందో ప్రతిసారీ బ్యాండేజీ చుట్టి చూసుకునే ఓపిక లేదు నాయనా. అన్నీ సరిచేశామని చెయ్యగలిగినవాడు వచ్చి చెప్పనీ, అప్పుడు చూద్దాం" అంది. మొన్న బస్సులో వెళ్ళి దిగేటప్పుడు పడిపోయిందట. ఈ వారం ఇంకా ఒక్కసారే వెళ్ళింది. రేపు తప్పిపోతే ఆవిడకి ఇంకో రేపు ఉందో లేదో నర్సుకే తెలీదు.

నిన్ను క్షమించానా అని అడగకు. క్షమించమని వాక్యం ఏడు డెబ్బైలసార్లు చెప్పినా నా లోపలికి ఇంకా ఒక్కసారి కూడా దిగలేదు. అక్క మొహం చూడ్డానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలీదు. అదంతా తరవాత. చక్రాలు ఆగవు, మన కోపాలు తీరేదాకా ఆగవు.

ఈ ఉత్తరం తెచ్చినవాడు నమ్మిన ఆ ఒక్కడే. నీ షాపు ముందు నిలబడి ఉన్నాడు, బయటికి చూడు. అతని బండికి నువ్వేసిన టైర్లే ఉన్నాయి. ముందు అవి విప్పి సరైన సైజువి వెయ్యి. తరవాత ఆరు బళ్ళకి సరిపడా టైర్లు ట్రాలీ ఆటోకెత్తించి, పానాలు పెట్టుకుని, షట్టర్ దించి, అదే బండెక్కు. చీకటిపడేలోపు స్టాండుకి చేరు. ఆరుగురి ముందూ నిలబడి "తప్పు చేశాను" అను. టీచరమ్మ గుమ్మం ముందు కూడా అను. బండి కిందనుంచి "ఊ" అనకు. లేచి రా.

రేపన్నది నీకూ నాకూ ఉంటుంది బావా, ఆవిడకి లేదు. ఈరోజే. జాకీ తియ్యి, ఇప్పుడే.